మబ్బులోకి పోకముందే, మందు మింగకముందే

మన క్లబ్ ఈ-పత్రికలో కవితలు, కథలు, హాస్టల్ ముచ్చట్లు బాగానే వస్తాయి. ఈసారి ఒక పాఠం రాస్తానని ఎడిటర్ అన్నతో అన్నాను. "సిలబస్‌ల ఉన్నదా, బయటిదా?" అని అడిగాడు. సగం సగం అన్నాను. రాడార్ మాకు ఈసీఈలో ఉంది. జ్వరం వస్తే ఏం చేయాలన్నది ఏ బ్రాంచి సిలబస్‌లోనూ లేదు. కానీ ప్రతి వానాకాలం దాని మీద పరీక్ష మాత్రం తప్పకుండా పెడుతుంది.

విమానానికి వాతావరణం తెచ్చే ప్రమాదాలు ఒక పక్క, మామూలుగా వచ్చే ఇన్ఫెక్షన్లకు మందు ఎంచుకోవడం ఇంకో పక్క. ఈ రెండింటికీ ఏం సంబంధం అంటారా? ఒక సంబంధం హైదరాబాద్ బేగంపేటలో కనిపిస్తుంది. అక్కడి పాత విమానాశ్రయం దగ్గరే భారత వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం ఉంది. వానాకాలంలో మన ఫోన్లకు వచ్చే ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్ అక్కడివే. అదే బేగంపేటలో సర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో పనిచేస్తూ, రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అందుకే ఆ తేదీని ప్రపంచ దోమల దినం అంటారు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. మబ్బును చదివే చోటు, జ్వరం గుట్టు విప్పిన చోటు పక్కపక్కనే ఉన్నాయన్నమాట.

రెండో సంబంధం మా ఊళ్లో ఉంది. మాది మహబూబాబాద్ జిల్లా గార్ల. 2016 వరకు ఖమ్మం జిల్లా. కాజీపేట నుంచి రైల్లో వస్తుంటే డోర్నకల్ జంక్షన్‌కు ముందు వచ్చే స్టేషన్. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మాకు రెండు కష్టాలూ కలిసే వస్తాయి. ఒకటి పాకాల ఏరు పొంగడం, రెండోది ఇంటింటా జ్వరం. ఏరు చెక్‌డ్యాం మీది నుంచి పారిందంటే రాంపురం, మద్దివంచ వైపు వాళ్లకు గార్ల వచ్చే దారి బంద్. ఆ రాత్రే ఇంట్లో ఒకరికి జ్వరం ముదిరితే వాతావరణం, వైద్యం రెండూ ఒకే ప్రశ్న అవుతాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మబ్బు విషయంలోనైనా, జ్వరం విషయంలోనైనా ఎక్కడిదాకా ఆగి చూడాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి, ఎక్కడ పరుగెత్తాలి అనే గీతలు ముందే గీసుకోవాలి. లోపలికి పోయాక గీసుకునే తీరిక దొరకదు.

మబ్బు లోపల ఏముంది?

పైలట్లు అన్నిటికన్నా ఎక్కువ భయపడే మబ్బు పేరు క్యుములోనింబస్. మనం ఉరుముల మబ్బు అంటాం. మధ్యాహ్నం ఎండకు నేల కాగి, తేమ ఉన్న గాలి పైకి లేస్తుంది. పైకి పోతున్నకొద్దీ చల్లబడి ఆవిరి నీటి చుక్కలవుతుంది. ఒక గ్రాము ఆవిరి నీరైతే సుమారు 2,500 జౌళ్ల వేడి బయటికి వస్తుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది. అంటే ఈ మబ్బు తన ఇంజిన్‌ను తానే నడుపుకుంటుంది. మన దేశంలో ఇలాంటి మబ్బుల కొనలు 15 కి.మీ. దాటి పోతాయి. మనం ఎక్కే విమానం ఎగిరేది 10, 12 కి.మీ. ఎత్తులో. కాబట్టి పైనుంచి దాటిపోదాం అంటే కుదరదు, పక్కనుంచి పోవాల్సిందే.

లోపల ఒకవైపు గాలి పైకి లేస్తుంటే, పక్కనే వాన బరువుకు, చల్లదనానికి గాలి కిందికి దూకుతుంటుంది. గట్టి మబ్బులో ఈ వేగం సెకనుకు 20 మీటర్లు దాటుతుంది. నిమిషంలో కిలోమీటరు పైనే. దానికి తోడు పిడుగులు, రాళ్లవాన, రెక్కల మీద మంచు పేరుకోవడం. అందుకే తీవ్రమైన ఉరుముల మబ్బుకు కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 37 కి.మీ. ఎడంగా పొమ్మని పైలట్లకు నేర్పుతారు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఇలాంటి ఒంటరి మబ్బు బతికేది అరగంట నుంచి గంట. పెరుగుతుంది, కురుస్తుంది, కరిగిపోతుంది. నేల మీద గంట ఆగితే చాలాసార్లు దారి తనంతట తానే తెరుచుకుంటుంది. ఆగడం కూడా ఒక పనే. కాకపోతే కళ్లు తెరిచి ఆగాలి.

రాడార్ చూసేది, చూడనిది

విమానం ముక్కులో ఒక రాడార్ ఉంటుంది. 3 సెంటీమీటర్ల అలలు పంపి, వాన చుక్కల మీద పడి తిరిగొచ్చే ప్రతిధ్వనిని కొలుస్తుంది. తక్కువ వానకు ఆకుపచ్చ, మధ్యస్థానికి పసుపు, గట్టి వానకు ఎరుపు రంగు తెర మీద పడుతుంది. ఇందులో మా బ్రాంచి వాళ్లకు నచ్చే లెక్క ఒకటుంది. ప్రతిధ్వని బలం చుక్క వ్యాసానికి ఆరో ఘాతంగా పెరుగుతుంది. చుక్క సైజు రెట్టింపైతే ప్రతిధ్వని 64 రెట్లు.

ఈ లెక్క వల్ల ఒక లాభం, ఒక మోసం. లాభం ఏమిటంటే పెద్ద చుక్కలు దొరికిపోతాయి. మోసం ఏమిటంటే మబ్బు పై భాగంలోని పొడి మంచు పలుకులు దాదాపు కనిపించవు. ప్రమాదం ఉన్నచోట కూడా తెర పలుచగా చూపిస్తుంది. ఇంకా పెద్ద మోసం మరొకటి. ముందున్న గట్టి వాన అలలను మింగేస్తే, దాని వెనక ఉన్నదేదీ తెర మీదికి రాదు. అక్కడ నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. కొత్త పైలట్ "అదిగో, దారి" అనుకుంటాడు. అది దారి కాదు, రాడార్ నీడ. తెర ఖాళీగా ఉందంటే రెండు అర్థాలు ఉండొచ్చు. అక్కడ ఏమీ లేకపోవచ్చు, లేదా పరికరానికి కనిపించకపోవచ్చు. ఈ తేడా తెలిసినవాడే పరికరం వాడాలి.

2009 సెప్టెంబర్ 2

మన తెలుగువాళ్లు మరచిపోలేని తేదీ ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఆ ఉదయం 8:38కి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. సుమారు గంట తర్వాత సంబంధాలు తెగిపోయాయి. మర్నాడు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర శకలాలు దొరికాయి. ఇద్దరు పైలట్లతో సహా ఐదుగురూ చనిపోయారు.

ఆర్.కె. త్యాగి అధ్యక్షతన వేసిన విచారణ కమిటీ చెప్పింది క్లుప్తంగా ఇది. దారిలో ఉరుముల మబ్బులున్నాయి. సరిగ్గా ఆ సమయంలోనే గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ గురించి ఒక హెచ్చరిక వెలిగింది. దానికి ఏం చేయాలో మాన్యువల్‌లో వెతకడంలో పైలట్లకు సుమారు ఆరు నిమిషాలు పట్టింది. ఈలోపు హెలికాప్టర్ మబ్బులోకి పోయింది. కిందికి దూకే గాలి పట్టుకుని అదుపు తప్పింది.

నేను ఇక్కడ ఎవరినీ తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. మనిషి మెదడు ఎట్లా పనిచేస్తుందో చూడమంటున్నాను. ఒక దీపం వెలిగితే కన్ను దాని మీదే నిలిచిపోతుంది. అసలు ప్రమాదం అద్దం బయట ఉంటుంది.

ఇటీవలిది ఇంకొకటి. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోతున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర రాళ్లవానలో చిక్కింది. లోపల 220 మందికి పైగా ఉన్నారు. ముందు వెనక్కి తిరగాలని చూశారని, అప్పటికే మబ్బుకు మరీ దగ్గరికి రావడంతో లోపలి నుంచే దాటాల్సి వచ్చిందని డీజీసీఏ చెప్పింది. ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో దిగింది. ముక్కు పగిలింది, అయినా క్షేమంగా నేల మీదికి తెచ్చారు. వెనక్కి తిరిగే వీలు ఒక దూరం వరకే ఉంటుందని ఈ సంఘటన చెబుతుంది.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. పరికరాలు చూసి నడపడం అలవాటు లేని 20 మంది పైలట్లను, మబ్బులో ఉన్నట్టు బయట ఏమీ కనిపించకుండా చేసి విమానం నడపమన్నారు. అందరూ అదుపు కోల్పోయారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు. గీత ముందే గీసుకోవాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు జ్వరం దగ్గరికి వద్దాం

జ్వరం కూడా తెర మీద కనిపించే రంగు లాంటిదే. కింద ఏముందో అది చెప్పదు. వానాకాలంలో మన దగ్గర జ్వరానికి కారణం మామూలు వైరస్ కావొచ్చు, డెంగీ కావొచ్చు, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కావొచ్చు. మొదటి రోజు అన్నీ ఒకేలా ఉంటాయి. ఒళ్లు నొప్పులు, తలనొప్పి, వణుకు. కానీ మందులు మాత్రం వేరువేరు.

మా బంధువుల్లో ఒక అత్త అంటుంటుంది: "ఇన్ని పరీక్షలెందుకు బిడ్డా, ఒక సూది, నాలుగు గోలీలు ఏసుకుంటే రెండు రోజులకు లేసి కూసుంట కదా." నేను ఆమెకు చెప్పేది ఇదే. "అత్తా, మామూలు వైరస్ జ్వరమైతే సూది ఏసుకోకపోయినా నాలుగైదు రోజులకు లేస్తవ్. తగ్గించింది రోజులే, పేరు మాత్రం సూదికి పోతది." ఒంటరి మబ్బు గంటలో కరిగినట్టే, చాలా వైరస్ జ్వరాలు వారం లోపు తగ్గిపోతాయి. యాంటీబయోటిక్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. వైరస్‌కు అది తాకనే తాకదు. జలుబుకు, మామూలు దగ్గుకు, డెంగీకి యాంటీబయోటిక్ వాడటం అంటే లేని శత్రువు మీదికి తూటాలు ఖర్చుపెట్టడమే.

ఖర్చు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. తూటాల చప్పుడుకు చుట్టూ ఉన్న బ్యాక్టీరియా తప్పించుకోవడం నేర్చుకుంటుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లనే 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

జ్వరంలో రాడార్ నీడ

రక్త పరీక్షలకూ చూసే హద్దులు, చూడని మూలలు ఉన్నాయి. డెంగీకి ఎన్ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో బాగా పనిచేస్తుంది. తర్వాత ఐజీఎం పరీక్ష నమ్మదగినది. రెండో రోజు ఐజీఎం చేసి నెగెటివ్ వచ్చిందని డెంగీ లేదనుకుంటే, అది రాడార్ నీడను దారి అనుకోవడమే.

టైఫాయిడ్‌కు మన దగ్గర ఎక్కువగా చేసేది వైడాల్ పరీక్ష. పాత ఇన్ఫెక్షన్ ఉన్నా, టీకా వేసుకున్నా, కొన్ని వేరే జ్వరాల్లోనూ అది పాజిటివ్ చూపగలదు. ఒక్కసారి చేసిన వైడాల్‌ను చూసి టైఫాయిడ్ అని రాసేయడం తొందరపాటు. జ్వరం మొదటి వారంలో రక్తం కల్చర్ చేస్తే నమ్మకంగా తెలుస్తుంది. కానీ ఒక షరతు ఉంది. యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీయాలి. రెండు గోలీలు మింగి పోతే కల్చర్‌లో ఏదీ పెరగకపోవచ్చు. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. అంటే మన చేతులతో మనమే రాడార్‌కు నీడ వేసుకున్నాం.

ఒకే ముల్లు మీద చూపు

డెంగీ అనగానే మన ఇళ్లలో అందరి నోటా ఒకటే మాట: "ప్లేట్‌లెట్స్ ఎన్ని?" పొద్దున 90 వేలు, సాయంత్రం 70 వేలు. ఫోన్ల మీద ఫోన్లు. బొప్పాయి ఆకు రసం కోసం పరుగులు. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా వేరే సంగతి. రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోయి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవడం. దాన్ని పట్టిచ్చే సంఖ్య పక్కనే ఉంటుంది, హిమాటోక్రిట్ లేదా పీసీవీ. అది పెరుగుతుంటే ప్రమాదం దగ్గరికి వస్తున్నట్టు. ఒకే ముల్లును చూస్తూ కూర్చుంటే ఏమవుతుందో పైన చదివాం. రిపోర్టులో అన్ని వరుసలూ చూడమని డాక్టర్‌ను అడగండి. అన్నిటికన్నా ముందు మంచం మీద ఉన్న మనిషిని చూడండి. మూత్రం వస్తోందా, మాట స్పష్టంగా ఉందా, చేతులు కాళ్లు చల్లబడ్డాయా?

మోసపు సందు

మబ్బుల మధ్య కనిపించే చిన్న వెలుతురు సందును చూసి, దాంట్లోంచి దూరిపోదాం అనిపిస్తుంది. లోపలికి పోయాక అది మూసుకుంటుంది. మైక్రోబర్స్ట్ అనే గాలి దెబ్బ కూడా ఇలాంటిదే. మబ్బు నుంచి కిందికి దూకిన గాలి నేలకు తగిలి నలువైపులా పారుతుంది. దిగుతున్న విమానానికి ముందు ఎదురుగాలి తగిలి వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. పైలట్ "బాగుంది" అనుకుని పవర్ తగ్గిస్తాడు. మరుక్షణం కిందికి తోసే గాలి, ఆ వెంటనే వెనక నుంచి తోసే గాలి. 1985 ఆగస్టు 2న అమెరికాలోని డల్లాస్‌లో డెల్టా 191 విమానం ఇలాగే కూలి 137 మంది చనిపోయారు. ఆ తర్వాతే విమానాశ్రయాల్లో, విమానాల్లో విండ్ షియర్ హెచ్చరిక వ్యవస్థలు విస్తరించాయి.

డెంగీ కూడా ముందు మంచి వార్తే చెబుతుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. "తగ్గింది, పొలానికి పోతా" అంటాడు మనిషి. కానీ ప్లాస్మా కారే 24 నుంచి 48 గంటల గడ్డుకాలం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. జ్వరం దిగిన రెండు రోజులు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం వీటిలో ఏది కనిపించినా ఇక ఆలోచించకూడదు. ఆసుపత్రికే.

జ్వరం గబుక్కున దించడానికి కొందరు వాడే స్టెరాయిడ్ సూది ఇలాంటి సందునే సృష్టిస్తుంది. ఒళ్లు తేలికవుతుంది, జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది. డెంగీ అనుమానం ఉన్నంతవరకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. రక్తస్రావం పెరుగుతుంది. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ బరువుకు తగ్గ మోతాదులో.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయోటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది. రంగులు కూడా రాడార్ తెరవే. ఆకుపచ్చ గుంపు అందరికీ మొదట వాడదగినవి: అమోక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యూరంటోయిన్ లాంటివి. పసుపు గుంపు జాగ్రత్తగా వాడాల్సినవి: అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్‌ట్రయాక్సోన్. ఎరుపు గుంపు ఆఖరి అస్త్రాలు: లినెజోలిడ్, కొలిస్టిన్. మీ ఇంట్లో మందుల డబ్బా తెరిచి చూడండి. గొంతు నొప్పికి, జలుబుకు తెచ్చి మిగిల్చిన గోలీల్లో పసుపు గుంపువి ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది. స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటే, అది డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందు. చాలా యాంటీబయోటిక్‌లను 2014 మార్చి నుంచి అమలైన హెచ్1 షెడ్యూల్‌లో చేర్చారు. వాటిని అమ్మిన ప్రతిసారీ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి.

మామూలు జబ్బులకు ఏ దారి పద్ధతో కొంచెం చూద్దాం. ఇది మందుల చీటీ కాదు. డాక్టర్ దగ్గర సరైన ప్రశ్న అడగడానికి పనికొచ్చే పటం అనుకోండి.

నీళ్ల విరేచనాలు: ఎక్కువశాతం యాంటీబయోటిక్ అక్కర్లేదు. ఓఆర్ఎస్, పిల్లలకైతే తోడుగా జింక్. లీటరు నీళ్లలో గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉండే ఫార్ములా అసలైనది. చక్కెర పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వేయకూడదని 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. విరేచనంలో రక్తం పడితే మాత్రం అది వేరే జబ్బు, డాక్టర్‌కు చూపించాలి.

గొంతు నొప్పి: దగ్గు, ముక్కు కారడం ఉంటే చాలావరకు వైరస్. జ్వరంతో పాటు టాన్సిల్స్ మీద తెల్లటి పొర, మెడలో నొప్పిపెట్టే గడ్డలు ఉండి, దగ్గు లేకపోతే బ్యాక్టీరియా అనుమానించాలి.

పిల్లల దగ్గు: ఇక్కడ పరికరం గడియారం ఒక్కటే. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే న్యుమోనియా కావొచ్చు. దానికి యాంటీబయోటిక్ ఆలస్యం కాకూడదు.

మలేరియా: ఆశా కార్యకర్త దగ్గర వేలి చుక్కతో చేసే కిట్ ఉంటుంది, కాసేపట్లో ఫలితం తెలుస్తుంది. బయ్యారం, గూడూరు, కొత్తగూడ అడవి వైపు పోయివచ్చిన వాళ్లకు జ్వరం వస్తే మొదటి రోజే చేయించాలి. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుంటుంది. దాన్ని అక్కడినుంచి తీసేయడానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. మూడో రోజు జ్వరం పోయిందని ఆపేస్తే కొన్ని వారాలకు, నెలలకు మళ్లీ వస్తుంది.

స్క్రబ్ టైఫస్: పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టిన చోట, చంకలోనో గజ్జల్లోనో, నల్లటి పొక్కు ఉంటుంది. చాలామంది చూసుకోరు. దీనికి డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. ఇక్కడ మనం గర్వపడే సంగతి ఒకటుంది. ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అది 1940లలో అమెరికాలోని లెడర్లే సంస్థలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో జరిగిన పరిశోధనలో, బెంజమిన్ డుగ్గర్ చేతుల మీదుగా బయటికి వచ్చింది. అంత కష్టపడి సంపాదించిన ఆస్తిని జలుబుకు ఖర్చుపెట్టకుండా చూసుకోవడం మన వంతు.

మా ఊరికి మూడు గీతలు

పైలట్ బయలుదేరే ముందే ఒక లెక్క వేసుకుంటాడు. దిగాల్సిన చోట దిగలేకపోతే పోయే రెండో విమానాశ్రయం ఏది? అక్కడికి ఇంధనం సరిపోతుందా? జెట్ విమానంలో ఆ పైన ఇంకో 30 నిమిషాల ఇంధనం మిగిలి ఉండాలి. జ్వరం వచ్చిన ఇంట్లో కూడా ఈ లెక్క వేయొచ్చు. గార్లలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరకపోతే మహబూబాబాద్, అక్కడ 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది. ఇటువైపు ఖమ్మం. దారి ఏది, బండి ఎవరిది, ఏరు ఎంతెత్తులో ఉంది? 2024 సెప్టెంబర్ 1 వానలకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి కొన్ని రోజులు రైళ్లు ఆగిపోయిన సంగతి మనకు గుర్తే. రోడ్డు పోతే రైలుందిలే అనే ధైర్యం కూడా ఆ రోజు లేదు.

నేను మా ఇంట్లో తలుపు వెనక రాసిపెట్టిన గీతలు ఇవి.

మొదటిది, ఆగి చూసే గీత. జ్వరం వచ్చి రెండు రోజుల లోపు, మనిషి తాగుతున్నాడు, మూత్రం వస్తోంది, మాట బాగుంది. నీళ్లు, గంజి, పారాసిటమాల్, విశ్రాంతి. మలేరియా కిట్ పరీక్ష. రోజుకు మూడుసార్లు జ్వరం, మూత్రం రాసుకోవడం. యాంటీబయోటిక్ లేదు.

రెండోది, పరీక్ష గీత. మూడో రోజు కూడా జ్వరం ఉంటే రక్తం ఇవ్వాలి. గోలీలకు ముందు పరీక్ష.

మూడోది, పరుగు గీత. ఊపిరి ఆడకపోవడం, ఫిట్స్, మగత, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, ఎక్కడినుంచైనా రక్తం, మెడ బిగుసుకుపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం. అప్పుడు 108కి ఫోన్. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వస్తే మొదటి రెండు గీతలు లేనే లేవు, నేరుగా ఇదే.

వీటికి తోడు వానాకాలానికి ఒక షరతు. బేగంపేట నుంచి ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ వచ్చిందంటే గీతలన్నీ ఒక రోజు ముందుకు జరుగుతాయి. ఏరు అవతల ఉన్న ఇంట్లో గర్భిణి, పసిబిడ్డ, షుగర్ ఉన్న పెద్దమనిషి జ్వరంతో ఉంటే, నీళ్లు చెక్‌డ్యాం మీదికి రాకముందే వాళ్లను ఇవతలికి తేవాలి. తీరా ఏమీ కాకపోతే? ఒక రాత్రి బంధువుల ఇంట్లో పడుకున్నట్టు. మబ్బు చూసి వెనక్కి తిరిగిన విమానం గురించి ఏ పేపర్లోనూ రాయరు. ఆ విమానంలోని వాళ్లందరూ రాత్రి ఇంటికి చేరి అన్నం తింటారు, అంతే.

మనలో చాలామందిమి ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉన్నవాళ్లమే. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మొదటి ఫోన్ మనకే వస్తుంది, "ఇంజినీరింగ్ చదువుతున్నవ్ కదా, ఏ గోలీ ఎయ్యాలె?" అని. ఈసారి ఫోన్ వస్తే గోలీ పేరు చెప్పకండి. ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్నో రోజు? మూత్రం వస్తోందా? పరీక్ష చేయించారా? ఏరు ఎట్లుంది?

ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు మీ ఊరి దారిని బట్టి, మీ ఇంటి మనుషులను బట్టి మీ మూడు గీతలు మీరే రాసి తలుపు వెనక అంటించండి. రాసినవి మన క్లబ్ గ్రూపులో పెట్టండి. వచ్చే సంచికకు అందరివీ కలిపి ఒక పేజీ చేద్దాం.